మొహం చూడని పెళ్ళిచూపులు

ఉద్యోగానికి ఇంటర్వ్యూ అన్నా, పిల్లకు పెళ్ళిచూపులన్నా మన ఇళ్ళల్లో హడావిడి ఒకటే. ఇస్త్రీ బట్టలు, తలకు నూనె, దేవుడి దగ్గర దీపం, "గట్టిగా మాట్లాడకు, అలాగని మరీ గొణగకు" అని పెద్దవాళ్ళ ఉపదేశం, గుమ్మం దాటేటప్పుడు ఎదురెవరొస్తున్నారో అని ఓ చూపు. తీరా అవతలివాళ్ళు చూసేది పావుగంట. ఆ పావుగంటలోనే నడక, కూర్చున్న తీరు, కాలి చెప్పులు, చేతి గడియారం అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. మాట వంతు ఆఖర్న వస్తుంది.

టెలిఫోన్లో చేసే ఇంటర్వ్యూ ఈ లెక్కనంతా తలకిందులు చేసింది. అందులో నడక లేదు, చెప్పుల్లేవు, మొహం అసలే లేదు. ఉన్నదల్లా గొంతు. ఇదేదో నిన్న మొన్న కంప్యూటరు కంపెనీలవాళ్ళు కనిపెట్టిన వింత అని మన పిల్లలు అనుకుంటారు గాని, మనిషి గొంతుకు వెలకట్టి ఉద్యోగమిచ్చే పద్ధతి టెలిఫోనుతో పాటే పుట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ల కొలువు చేసినదాన్ని గనక ఈ సంగతి చెప్పే హక్కు నాకు కాస్త ఉందనే అనుకుంటాను.

అసలు టెలిఫోను పుట్టిల్లే ఉచ్చారణ పాఠాల ఇల్లు. అలెగ్జాండర్ గ్రాహంబెల్ గారి తండ్రి మెల్విల్ బెల్ పలుకుబడి పాఠాలు చెప్పే మేష్టారు. ఏ శబ్దం పలికేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో, పెదవులు ఎలా ఉంటాయో గుర్తుల్లో రాసే ఒక లిపిని తయారు చేసి 1867లో పుస్తకం వేశాడు. కొడుకు చెవిటి పిల్లలకు మాటలు నేర్పే పంతులు. తల్లికి వినపడదు, కట్టుకున్న ఇల్లాలికీ వినపడదు. వినపడనివాళ్ళ మధ్య పెరిగిన ఆ మనిషి 1876లో తీగ మీద గొంతును నడిపించాడు. పూలమ్మే పిల్లకు దొరసాని యాస నేర్పే కథతో నాటకం రాసిన బెర్నార్డ్ షా కూడా ఆ నాటకం ముందుమాటలో మెల్విల్ బెల్ గారిని తలుచుకున్నాడు. అంచేత యాస దిద్దుకోవడమనే జబ్బూ, టెలిఫోనూ ఒకే చూరు కింద పెరిగాయని చెప్పినా తప్పు లేదు.

మొదట్లో అమెరికాలో టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో మగపిల్లల్ని పెట్టారు. తంతి ఆఫీసుల్లో పనిచేసిన కుర్రాళ్ళు వాళ్ళు. తంతి యంత్రం ముందు కూర్చుని ఎన్ని బూతులు తిట్టుకున్నా అవతలికి వెళ్ళేవి టకటకలే. టెలిఫోన్లో అలా కాదుగా! నెంబరు అడిగిన పెద్దమనిషిని ఎదురు కసిరేవారట, తమలో తాము కొట్టుకునేవారట. ఖాతాదార్లు మొత్తుకున్నారు. చివరికి 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని ఆపరేటరు కుర్చీలో కూర్చోబెట్టారు. లోకంలో మొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే. నెలకు 10 డాలర్లు, వారానికి 54 గంటల పని అని చెబుతారు. ఆవిడ గొంతులోని నెమ్మది, మర్యాద జనానికి ఎంత నచ్చాయంటే, కొద్ది ఏళ్ళలోనే ఆ పని ఆడవాళ్ళ పనైపోయింది. "ఉద్యోగం పురుషలక్షణం" అన్న మన సామెతకు బోస్టన్‌లో ఆనాడే గండి పడిందన్నమాట.

అయితే ఇక్కడే ఒక తమాషా ఉంది. తమాషా అంటున్నాను గాని నవ్వొచ్చేది కాదు. ఎవరూ చూడని ఉద్యోగం కదా, గొంతు బాగుంటే చాలు కదా అనుకుంటాం. కాదు. పెళ్ళి కాకూడదు. పదిహేడుకూ ఇరవయ్యారుకూ మధ్య వయసుండాలి. పద్ధతిగా కనపడాలి. బోర్డు పై వరసలో ఉన్న రంధ్రాలు అందాలి గనక చేతులు పొడుగ్గా ఉండాలి — ఈ ఒక్కదానికి మాత్రం అర్థముంది. వీటన్నిటికీ మించి, నల్లజాతి ఆడపిల్లలనూ యూదు ఆడపిల్లలనూ ఆ కంపెనీలు గడప తొక్కనిచ్చేవి కావు. తీగకు అవతల ఉన్న పెద్దమనిషికి ఈమె రంగు ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియకపోయినా సరే ఉండకూడదు! మొహం కనపడని పనికి మొహం చూసి మనిషిని ఎంచడమంటే ఇదే.

1918లో మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనకు ఫ్రాన్సులో టెలిఫోన్లు కలపడానికి ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఆడవాళ్ళు కావలసి వచ్చారు. ఏడు వేల మందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే వెళ్ళింది 223 మంది. గుళ్ళ మోతల మధ్య కూర్చుని లైన్లు కలిపారు. తిరిగొచ్చాక "మీరు సైనికులు కారు పొమ్మన్నారు". 1977లో గాని వాళ్ళను మాజీ సైనికులుగా ఒప్పుకోలేదు. అప్పటికి మిగిలిన వాళ్ళెందరు, వాళ్ళంతా ఎంత ముసలివాళ్ళు!

ఇంగ్లండులో ఇంకో వేడుక జరిగింది. ఫోను తిప్పితే టైము చెప్పే సదుపాయం పెట్టదలచి అక్కడి తపాలా శాఖ 1935లో "బంగారు గొంతు" పోటీ పెట్టింది. తమ దగ్గర పనిచేసే పదిహేను వేల మంది ఆపరేటర్లలోంచి ఒక గొంతును ఎంచాలి. న్యాయనిర్ణేతల్లో ఆస్థానకవి జాన్ మేస్‌ఫీల్డ్ ఒకరు. ఎథెల్ కెయిన్ అనే ఆపరేటరు నెగ్గి 10 గినీల బహుమతి పుచ్చుకుంది. 1936 జూలై 24 నుంచి ఆమె గొంతే లండను జనానికి టైము చెప్పింది. టైము చెప్పడానికి మహాకవి ఎందుకండీ అంటే, ఏం చెప్పను? ఆ కాలంలో ఏది మంచి ఇంగ్లీషో చెప్పడానికి ఒక పెద్దమనిషి కావలసి వచ్చాడు. ఆ "మంచి ఇంగ్లీషు" అన్నమాట చాలామంది కొంప ముంచింది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఇక ఎడిసన్. ఫోను ఎత్తగానే అనే "హలో"ను 1877లోనే సిఫార్సు చేసినవాడు ఆయన. బెల్ గారికి మాత్రం పడవవాళ్ళు పిలుచుకునే "అహోయ్" ఇష్టం. అది నెగ్గి ఉంటే మనమంతా ఈపాటికి ఫోనెత్తి "అహోయ్, ఎవరండీ" అంటూ ఉండేవాళ్ళం! ఎడిసన్‌కు పాపం చెవులు సరిగా వినపడవు. ఆ మనిషే టెలిఫోను మైకును బాగుచేసిన వాళ్ళలో ముఖ్యుడు. అంతకంటె మన కథకు పనికొచ్చేది ఏమిటంటే, ఉద్యోగాల ప్రశ్నపత్రానికి పేరు తెచ్చింది కూడా ఆయనే. 1921లో తన దగ్గర ఉద్యోగానికి వచ్చిన కాలేజీ పట్టభద్రులకు నూటయాభై దాకా ప్రశ్నలు గుప్పించేవాడు. ఏ దేశంలో ఏం పండుతుంది, ఫలానా వస్తువు దేనితో చేస్తారు, ఇలాంటివి. తప్పినవాళ్ళు వెళ్ళి ఆ ప్రశ్నలు పేపర్లకెక్కించారు. దేశమంతా ఇళ్ళల్లో కూర్చుని జవాబులు వెతుక్కుంది. ఆయన ప్రశ్నలు మార్చుకోవలసి వచ్చింది. మన అమీర్‌పేట "ఇంటర్వ్యూ ప్రశ్నలు — జవాబులు" జిరాక్సు కాగితాలకు మూలపురుషుడు ఎవరయ్యా అంటే ఎడిసన్ దగ్గర ఉద్యోగం రానివాడే! అదే ఏడు అమెరికా వెళ్ళిన ఐన్‌స్టీన్‌ను విలేకరులు ఆ పత్రంలో ప్రశ్నొకటి అడిగారు. ధ్వని వేగం ఎంత అని. పుస్తకాల్లో దొరికేదాన్ని బుర్రలో మోసుకు తిరగనని ఆయన చెప్పేశాడు. ఫోను ఇంటర్వ్యూ అయితే ఆయనకా ఇబ్బంది కూడా లేకపోను. పుస్తకం ఒళ్ళో పెట్టుకునే చెప్పి ఉండేవాడు.

మన దేశానికి వస్తే, 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. కాని టెలిఫోనుకూ ఉద్యోగానికీ మన దగ్గర చాలాకాలం ఒకటే సంబంధం — సిఫార్సు. ఉద్యోగానికి పిలుపు కార్డు మీద వచ్చేది, ఆర్డరు రిజిస్టరు పోస్టులో వచ్చేది, అర్జంటైతే టెలిగ్రాం వచ్చేది. "మావాడొకడు వస్తున్నాడు, కాస్త చూడండి" అన్న మాట మాత్రం టెలిఫోన్లో వెళ్ళేది. 1974లో నేను బెజవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో చేరినప్పుడు ఇలాంటి కాల్స్ ఎన్ని కలిపానో! ఆపరేటర్లు వినకూడదు. కాని లైను తెగిందో, అవతల మాట అందుతోందో లేదో చూడకపోతే ఎలా? ఆ చూడటంలో ఓ ముక్క చెవిన పడుతుంది. పడిన ముక్కను అక్కడే వదిలెయ్యడం ఆ ఉద్యోగ ధర్మం. నేను వదిలేశాను గనకనే ఎవరి పేర్లూ ఇప్పుడు గుర్తులేవు.

ట్రంకు కాలంటే ఈ తరానికి చెప్పాలి. 180 తిప్పి కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగు అని రకాలు. లైట్నింగు ఖరీదు తలుచుకుంటే నిజంగానే పిడుగు పడినట్టుండేది. ఫలానా మనిషే మాట్లాడాలంటే "పి.పి. కాల్". మాట్లాడేది ఆ మనిషేనని మేం అడిగి తేల్చుకున్నాక గాని లైను ఇచ్చేవాళ్ళం కాదు. మూడు నిమిషాలకో లెక్క. ఆ మూడు నిమిషాల్లో సగం "హలో, వినపడుతోందా" కిందే పోయేది. అలాంటి లైను మీద ఇంటర్వ్యూ చేసి ఉద్యోగమివ్వడమన్న ఊహ ఎవరికి వస్తుంది!

కాని ఆ లైనే మాకు చెవి శాస్త్రం నేర్పింది. టెలిఫోను తీగ మనిషి గొంతునంతా మోయదు. సెకనుకు 300 కంపనాలకు కింద ఉన్నదీ, 3,400కు పైన ఉన్నదీ వదిలేసి మధ్య ముక్కనే తీసుకెళుతుంది. మగవాళ్ళ గొంతుకు ఆధారమైన శ్రుతి 120 దగ్గర ఉంటుంది. అంటే ఫోన్లో మీరు వినే మగ గొంతులో అసలు పునాది లేదు. పై స్వరాలను బట్టి మన చెవే ఆ పునాదిని కట్టుకుంటుంది. అలాగే "స", "ఫ" శబ్దాల బలమంతా 4,000కు పైన. తీగ దాన్ని కోసేస్తుంది. అందుకే ఫోన్లో ఇంగ్లీషు "ఎస్" చెబితే "ఎఫ్" అని రాసుకుంటారు. "బి ఫర్ బొంబాయి, డి ఫర్ ఢిల్లీ" అని మేం పాఠం చదివినట్టు చదివింది ఇందుకే గాని ఊళ్ళ మీద ప్రేమతో కాదు. అంకెలు ఒక్కొక్కటే విడదీసి చెప్పేవాళ్ళం. ఇప్పటి సెల్ ఫోన్లలో కొన్ని కాల్స్ 7,000 దాకా మోస్తాయి, గొంతు పక్కనే ఉన్నట్టుంటుంది. కాని అన్ని కాల్సూ అలా కావు, సిగ్నలు అంతకన్నా కాదు.

మధ్యలో ఒక మాట. మా ఆపరేటర్ల పొట్ట కొట్టినవాడు అమెరికాలో ఒక శవపేటికల వ్యాపారి. స్ట్రౌజర్ ఆయన పేరు. ఆపరేటరు తన గిరాకీనంతా ఇంకో వ్యాపారికి కలిపేస్తోందని ఉడుక్కుని, ఆపరేటరే లేని ఎక్స్ఛేంజి కనిపెట్టాడని కథగా చెబుతారు. 1891లో పేటెంటు వచ్చింది. మన దేశంలో ట్రంకు ఆపరేటరు అక్కర్లేని ఎస్.టి.డి. 1960లో కాన్పూరు – లక్నోల మధ్య మొదలైంది. అది మా దాకా వచ్చి మమ్మల్ని బోర్డు ముందు నుంచి లేపడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. లేచి వేరే సీట్లలో కూర్చున్నాం. సరే, ఆ గొడవ అలా ఉంచండి.

నేను ఆశ్చర్యపోయింది 1990ల చివర్లో. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో అమెరికాకు ఒక్కసారిగా మనుషులు కావలసి వచ్చారు. 1990 చట్టం ఏడాదికి 65 వేలని కట్టిపెట్టిన హెచ్-1బి వీసాలను 1998లో లక్షా పదిహేను వేలకూ, 2000లో లక్షా తొంభై అయిదు వేలకూ పెంచారు. హైదరాబాదు నుంచి తెలుగు పిల్లలు వరసలు కట్టారు. వాళ్ళ ఉద్యోగ యాత్ర ఎలా సాగేదో చైనాకు చెందిన శియాంగ్ బియావ్ అనే ఆయన హైదరాబాదులోనూ ఆస్ట్రేలియాలోనూ మనవాళ్ళ మధ్య తిరిగి చూసి, 2007లో ఏకంగా ఒక గ్రంథమే ప్రకటించాడు. ఆ యాత్రలో కీలకమైన మెట్టు ఫోను ఇంటర్వ్యూ. న్యూయార్కులో చలికాలం ఉదయం పదయితే మనకు రాత్రి ఎనిమిదిన్నర; కాలిఫోర్నియా అయితే పదకొండున్నర. గదిలో ఫోను లేని కుర్రాడు ఇంటివాళ్ళ నెంబరిచ్చేవాడు. కాగితం మీద ఆ నెంబరు పక్కన "పి.పి." అని రాసేవాడు. మా శాఖలో ఆ రెండక్షరాలకు అర్థం ఒకటి, జనంలో పొరుగింటి ఫోను అని ఇంకొకటి. అర్ధరాత్రి పక్కింటివాళ్ళ హాల్లో, నిద్రపోతున్న వాళ్ళ పిల్లల మధ్య నిలబడి, తన భవిష్యత్తు గురించి గుసగుసగా ఇంగ్లీషులో చెప్పుకోవలసిన పరిస్థితిని ఊహించండి. "ఇంత లోగొంతుకతో మాట్లాడేవాడికి ధైర్యం లేదు" అని అవతలివాడు అనుకుంటే ఆ తప్పు ఎవరిది?

దానికి తోడు ఉపగ్రహం. 36 వేల కిలోమీటర్లు పైకి వెళ్ళి, అంతే దూరం కిందికి దిగి గొంతు అవతల చేరడానికి పావు సెకను. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. అర సెకనే కదా అనకండి. మనిషి మాట ముగించాక అవతలి మనిషి అందుకోవడానికి ఎంత సందు ఉంటుందో పది భాషల్లో కొలిచి 2009లో పరిశోధకులు ప్రకటించారు. సగటున సెకనులో అయిదో వంతు. ఆ లెక్కన ఉపగ్రహం మీదుగా మాట్లాడిన ప్రతి కుర్రాడూ తడుముకుంటున్నవాడిలాగే వినపడ్డాడు. జవాబు రాలేదని దొర మళ్ళీ అడగడం, ఇతగాడి జవాబు ఆ ప్రశ్న మీద పడటం, ఇద్దరూ ఆగడం, ఇద్దరూ ఒకేసారి మొదలెట్టడం! ట్రంకు బోర్డు మీద మేం ఇది రోజూ చూశాం. తెలిసినవాళ్ళు మాట ముగించి "ఆఁ, చెప్పండి" అని వంతు అప్పగించేవారు. తెలియనివాళ్ళు అరుచుకునేవారు.

మొహం కనపడదు గనక ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడే దొంగతనం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. తీరా ఉద్యోగంలో చేరాక ఫోన్లో విన్న గొంతూ, కుర్చీలో కూర్చున్న గొంతూ వేరని తెలిసి వెనక్కి పంపిన సంగతులు మనవాళ్ళలో అందరికీ తెలుసు. కష్టపడి చదివిన పది మంది మీద అనుమానం తెచ్చిపెట్టిన పని అది. అందులో నాకు సరదా ఏమీ కనపడదు.

మళ్ళీ అసలు ప్రశ్నకు వస్తాను. మొహం దాస్తే న్యాయం జరుగుతుందా? కొంత జరుగుతుందనడానికి సాక్ష్యం ఉంది. అమెరికాలో పెద్ద వాద్యబృందాలు 1970, 80ల్లో కళాకారులను తెర వెనక కూర్చోబెట్టి వాయింపించి ఎంచుకోవడం మొదలుపెట్టాయి. ఎత్తుమడమల చప్పుడును బట్టి ఆడమనిషని పసిగట్టకుండా కొన్నిచోట్ల నేల మీద తివాచీ పరిచారు, చెప్పులు విప్పమన్నారు. ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది. క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌస్ అన్న ఇద్దరు ఆర్థికవేత్తలు అందులో తెర పాత్ర ఎంతో 2000లో లెక్క కట్టి చూపించారు. వారిలో గోల్డిన్ గారికి 2023లో నోబెల్ వచ్చింది. ఆ లెక్క ఎంత గట్టిదన్న వాదన తరువాత వచ్చింది గాని తెర మాత్రం ఉండిపోయింది.

అయితే ఫిడేలుకు యాస లేదు. మనిషికి ఉంది. జాన్ బా అనే నల్లజాతి భాషావేత్త కాలిఫోర్నియాలో అద్దె ఇళ్ళకోసం ఫోన్లు చేశాడు. ఒకే మనిషి, ఒకే మాటలు. ఒకసారి తెల్లవాళ్ళ ఇంగ్లీషు, ఒకసారి నల్లవాళ్ళ యాస, ఒకసారి మెక్సికోవాళ్ళ యాస. తెల్లవాళ్ళ పేటల్లో మొదటి గొంతుకు "వచ్చి చూసుకోండి" అన్నవాళ్ళు మిగతా రెండు గొంతులకూ అంత తేలిగ్గా అనలేదు. 1999లో ఆయనా, ఇంకో ఇద్దరూ కలిసి అచ్చువేసిన వ్యాసంలో ఇంకో ముక్క కూడా ఉంది. వట్టి "హలో" వినిపించినా జనం నూటికి డెబ్భై పాళ్ళకు పైగా ఆ మనిషి ఏ యాసవాడో సరిగ్గా చెప్పేశారట. ఎడిసన్ ఇచ్చిన ఒక్క మాట చాలు, మీ పుట్టుపూర్వోత్తరాలు బయటపడటానికి! మొహానికి తెర కట్టవచ్చు. పుట్టిన ఊరు మాత్రం నాలుక మీదే కూర్చుని ఉంటుంది.

మా ఇంట్లో ఇది పుస్తకాల సంగతిగా మిగల్లేదు. మా అమ్మాయిని బొబ్బిలి ఇచ్చాం. దాని కూతురు అక్కడే పుట్టి పెరిగింది. ఇంజనీరింగు పూర్తయింది. వాళ్ళ నాన్న పనిచేసే మిల్లు మూతపడి ఏడాది దాటింది గనక ఆ పిల్ల ఉద్యోగం సరదాకి కాదు. ఒక కంపెనీవాళ్ళు ఫోన్లో మాట్లాడి నాలుగో నిమిషంలో థాంక్యూ చెప్పేశారు. మధ్యవర్తిని అడిగితే "ఎంటీఐ ఎక్కువుంది" అన్నాడట. అంటే ఏమిటే అన్నాను. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ అని, తల్లిభాష వాసన అని చెప్పింది. తల్లిభాష వాసన రావడం లోపమైతే తల్లి ఉండటం కూడా లోపమే కాబోలు!

"ఈసారి అమెరికా యాసలో చెప్పీమంటన్నారు అమ్మమ్మా, ఏటి సెయ్యను?" అని నా దగ్గరకు వచ్చింది. అంతకుముందు పదిహేను రోజులుగా అద్దం ముందు నిలబడి సినిమాలు చూసి నేర్చిన యాస సాధన చేస్తోంది.

అద్దం దేనికే, అవతలివాళ్ళు చూడరుగా అన్నాను. దాన్ని మేడమీదికి పంపి, నేను వంటింట్లో పీటేసుకుని కూర్చుని, సెల్‌లో ఫోన్ చేశాను. ప్రశ్నలు అదే రాసిచ్చింది. నా ఇంగ్లీషు పాతకాలపు ఆఫీసు ఇంగ్లీషు. అయితేనేం, చెవి పాతదే గాని పాడైంది కాదు. ఎదురుగా మాట్లాడితే ఎంతో బాగున్న పిల్ల ఫోన్లో వేరేగా వినపడింది. అరువు తెచ్చుకున్న యాసలో పదాల చివర్లు మింగేస్తోంది. "ఫిఫ్టీన్" అందో "ఫిఫ్టీ" అందో నాకు తేలలేదు. నెలలు చెప్పిందా, శాతాలు చెప్పిందా? సొంత గొంతులో చెప్పమంటే అంకెలు ముత్యాల్లా వచ్చాయి. కాకపోతే వేగం. మూడు వాక్యాలు ఒక గుక్కలో చెబుతుంది. ఇంకో సంగతి, ముందే రాసుకున్న జవాబు చదువుతోందని నాలుగో మాటకే తెలిసిపోతోంది. చదివే గొంతుకూ చెప్పే గొంతుకూ తేడా చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

అంచేత ఆ రాతలన్నీ తీయించి, ఒకే కాగితం మీద అయిదు ముక్కలు పెద్ద అక్షరాలతో రాయించాను. చేసిన ప్రాజెక్టు పేరు, అందులోని మూడు అంకెలు, అవతలివాళ్ళ పేర్లు, తను అడగవలసిన ప్రశ్న, జీతం సంగతి. ఆలోచించవలసి వస్తే ఊరుకోకూడదు. ఫోన్లో మౌనానికి మొహం ఉండదు. లైను పోయిందనుకుంటారు, లేకపోతే పిల్లకు రాదనుకుంటారు. మేం బోర్డు మీద "లైన్లో ఉండండి" అనేవాళ్ళం చూశారూ, అలాగే "ఒక్క క్షణం ఆలోచించి చెబుతానండీ" అన్నమాట ఇంగ్లీషులో నోటికి పట్టించాను. ప్రశ్న సగమే వినపడితే ఊహించి జవాబు చెప్పేకంటె మళ్ళీ అడగమనడమే మేలు. నవ్వుమొహంతో మాట్లాడమన్నాను. "ఎవులు సూస్తారని?" అంది. చూడరు, వింటారు. నవ్వినప్పుడు పెదవులు సాగి గొంతు మారుతుంది. కళ్ళతో చూడకుండా వట్టి చెవితోనే ఆ తేడా పట్టవచ్చని 1980లో వివియన్ టార్టర్ అనే ఆవిడ పరీక్షలు చేసి చూపించింది. అమెరికా టెలిఫోను కంపెనీవాళ్ళు అంతకు చాలా ముందే "నవ్వు ఉన్న గొంతు" అని ప్రకటనలు వేసుకున్నారు.

యాస దిద్దుకోవద్దని నేను అనలేదు. అవతలి చెవికి అందేలా పలకడం మర్యాద. "జడ్" అని అలవాటైన అక్షరాన్ని అమెరికావాళ్ళకు "జీ" అనడంలో పోయేదేమీ లేదు. కాని ఎక్కడ పుట్టానో తెలియకుండా మాట్లాడాలనుకుంటే అది తయారవడం కాదు, దాక్కోవడం. ముప్పై ఎనిమిదేళ్ళలో నా హెడ్‌ఫోన్లోకి శ్రీకాకుళం నుంచి కర్నూలు దాకా, నల్లగొండ నుంచి నెల్లూరు దాకా అన్ని గొంతులూ వచ్చాయి. యాస వల్ల నెంబరు తప్పుగా కలిపిన గుర్తు నాకు లేదు. తొందర వల్ల, గొణుగుడు వల్ల, చుట్టూ గోల వల్ల చాలాసార్లు మళ్ళీ అడగవలసి వచ్చింది.

గోల అంటే గుర్తొచ్చింది. ఇంటర్వ్యూ నాడు పదిన్నరకు కాల్. మేడమీద ఉత్తరం వైపు గదిలోనే సిగ్నలు బాగుంటుంది. ఆ వైపే పక్కవాళ్ళు గోడ కొట్టిస్తున్నారు. మా అల్లుడు వెళ్ళి మేస్త్రీతో మాట్లాడి, పనివాళ్ళకు టీలు ఇప్పించి గంటసేపు ఆపించాడు. కుక్కరు కూతలు పదింటికే అయిపోయేలా మా అమ్మాయి వంట ముగించింది. ఇంటిల్లిపాదీ మెట్ల మీద చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. పైనుంచి మాటలు తెలియడం లేదు గాని గొంతు తెలుస్తోంది. మధ్యలో ఒకసారి ఆగింది. మా అందరికీ ఊపిరి ఆగింది. తరువాత ఆ "ఒక్క క్షణం" మాట స్పష్టంగా వినపడింది. ముప్పై రెండు నిమిషాలు మాట్లాడారు.

సాయంత్రం కబురొచ్చింది. రెండో రౌండు వచ్చే మంగళవారం, అది వీడియోలోనట. గోడమీద సున్నం పెచ్చులూడినచోట ఏ క్యాలెండరు తగిలిస్తే కప్పుకుంటుందా అని మా అల్లుడు అప్పటినుంచీ గదంతా తిరిగి చూస్తున్నాడు.